ఫెలోషిప్ అర్హత పత్రం ఇస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి

అమెరికా ఫెడరల్ ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారి పబ్లిక్ హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (ప్రజారోగ్యంలో కంప్యూటర్, సమాచార విద్యల వాడకం) ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలనుకునే మనవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. అమెరికాలోని మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో 'అర్హత మేం తేలుస్తాం, దరఖాస్తు మేం నింపుతాం' అని తిరిగే కన్సల్టెన్సీ ఏదో మీకు తెలిసే ఉంటుంది. వాళ్లకు 600 డాలర్లు కట్టాను. డబ్బు పోయింది, అంతకంటే ఘోరం తృటిలో తప్పింది.

నేను దంతవైద్యం చదివి, ఇక్కడ ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేశాను. ఈ రెండేళ్ల ఫెలోషిప్‌కు మాస్టర్స్ పట్టా ఒక్కటే చాలదు. ఇటు ప్రజారోగ్యం లేదా వైద్యం, అటు కంప్యూటర్ లేదా సమాచార శాస్త్రం, రెండు వైపులా చదువూ అనుభవమూ చూపించాలి. నాకు రెండోది తక్కువ. ఆ మాట మొదటి ఫోనులోనే చెప్పాను. 'అదంతా మేం చూసుకుంటాం మేడం' అన్నారు. ముద్ర వేసిన అర్హత పత్రం కూడా పంపారు.

గడువు దగ్గర పడ్డాక నా పేరుతో తయారుచేసిన రెజ్యూమె వచ్చింది. నేను పనిచేసిన ఆసుపత్రిలో రోగుల సమాచార వ్యవస్థను రూపొందించిన బృందానికి నాయకత్వం వహించానని అందులో ఉంది! ఆ ఆసుపత్రిలో నేను పళ్లు తీశాను, రోగుల వివరాలు రిజిస్టరులో చేత్తో రాశాను. చేతులు వణికాయి. వెంటనే ఫోను చేసి ఇది అబద్ధం కదా అని అడిగాను. 'అందరూ ఇలాగే రాస్తారు, మీరొక్కరే అడుగుతున్నారు' అన్నాడు ఆ కన్సల్టెన్సీ మనిషి. రేపు పట్టుబడితే ఎవరిది బాధ్యత అన్నాను. అప్పటిదాకా మేడం అన్న మనిషి ఒక్కసారిగా ఏకవచనంలోకి దిగాడు. 'సంతకం నీది, మాది కాదు. నీకు అర్హత లేకపోతే మేమేం చేస్తాం?' అని ఫోను పెట్టేశాడు. ఆ రెండు వాక్యాలు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి. అర్హత ఉందని పత్రం రాసిచ్చింది ఆ మనిషే.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వానికి తెలిసి అబద్ధం రాసిస్తే ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. చట్టంలో టైటిల్ 18, సెక్షన్ 1001 చూడండి. వీసా మీద ఉన్నవాళ్ల విషయంలో జైలు దాకా పోనక్కరలేదు, ఈ దేశంలో ఉండే అవకాశమే పోవచ్చు. ఒక పిల్లో పిల్లవాడో ఏళ్ల తరబడి చదివి తెచ్చుకున్న బతుకును వీళ్లు అంత తేలిగ్గా పణంగా పెడుతున్నారు.

ఇంకో సంగతి. పౌరసత్వం గురించి వాళ్లు నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. ఫెడరల్ కొలువుల్లో పోటీ పద్ధతిలో నియమించే వాటికి 1976 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం సాధారణంగా అమెరికా పౌరులను, జాతీయులను మాత్రమే తీసుకుంటారు. ఫెలోషిప్‌ల నియామక పద్ధతి వేరుగా ఉండవచ్చు కనుక ఏ ప్రకటనకు ఆ ప్రకటనలోనే ఆ షరతు చూసుకోవాలి. అర్హత తేలుస్తామనేవాళ్లు ముందు అడగాల్సింది అదే కదా.

బయటి సంస్థలు ఇచ్చే అర్హత పత్రానికి విలువ లేదు, ఎంపిక చేసేవాళ్లే అర్హత చూస్తారు. మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెప్పించుకోవాలంటే నేసెస్ (NACES, విదేశీ చదువులను అంచనా వేసే సంస్థల సంఘం) సభ్య సంస్థలు ఉన్నాయి, అవి చేసేది ఆ పోలిక మాత్రమే. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు తమ పేరుతో ఏం రాశారో ఆ కాగితాలన్నీ తెప్పించుకుని చదవండి. పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఈరోజే మార్చండి. వినియోగదారుల మోసాలపై ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు నేను ఫిర్యాదు పెట్టాను, మీరూ పెట్టండి.