స్లెడ్డు పరుగుకు వీడియో విశ్లేషణ: డార్ట్‌ఫిష్, కినోవియా, ఫోను... ఏది మేలు?

రనౌట్ రీప్లే చూసే ప్రతివారికీ ఈ చిరాకు తెలుసు. ఒక ఫ్రేములో బ్యాటు గీతకు ఇవతలే ఉంటుంది, బెయిల్స్ కదలవు. మరుసటి ఫ్రేములో బ్యాటు గీత దాటేసి ఉంటుంది, బెయిల్సూ లేచి ఉంటాయి. అసలు సంగతి ఆ రెండింటి నడుమ జరిగిపోయింది. మంచు కాలువలో స్లెడ్డు అనే జారుడు బండి మీద దూసుకెళ్లే బాబ్‌స్లెడ్ (బండిలో కూర్చుని), ల్యూజ్ (వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు), స్కెలిటన్ (బోర్లా పడుకుని, తల ముందుకు) ఆటల శిక్షకులకు రోజూ ఇదే అవస్థ. గంటకు 130 కిలోమీటర్లంటే సెకనుకు 36 మీటర్లు. సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు వీడియోలో ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు స్లెడ్డు 1.2 మీటర్లు జరిగిపోతుంది. 240 ఫ్రేములతో తీస్తే 15 సెంటీమీటర్లే. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగేవారి ముందు నేను మొదట పెట్టే లెక్క ఇదే. కెమెరాకు చిక్కనిదాన్ని ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

ఈ ఆటల్లో వీడియోకు ఇంత గిరాకీ ఎందుకంటే, శిక్షకుడు ఆటగాడి వెంట పరుగెత్తలేడు. ఒక మలుపు దగ్గర నిలబడితే స్లెడ్డు కళ్ల ముందు ఉండేది మహా అయితే ఒకటి రెండు సెకన్లు. మొత్తం పరుగే నిమిషం అటూ ఇటూ. రోజుకు దక్కే పరుగులు కొన్నే. ఈతగాడిలా, బౌలర్‌లా గంటల తరబడి సాధన చేసే వీలు లేదు. చేసిన పరుగునే పదిసార్లు చూసుకోవాలి.

అయితే వీడియో నుంచి ఏమి ఆశించకూడదో కూడా చెప్పాలి. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఇద్దరు కూర్చునే బాబ్‌స్లెడ్‌లో కెనడా, జర్మనీ జట్లు నాలుగు పరుగులు కలిపి 3 నిమిషాల 16.86 సెకన్లతో సమానంగా ముగించి స్వర్ణాన్ని పంచుకున్నాయి. ల్యూజ్‌లో కాలాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు కొలుస్తారు. 1998 నాగనోలో మహిళల స్వర్ణానికీ రజతానికీ తేడా 0.002 సెకను. సెకనుకు 60 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేమే 0.017 సెకను. కాబట్టి ఎంత కాలం పోయిందో చెప్పే పని ట్రాకు పక్కనుండే టైమింగ్ కళ్లదే, అంటే స్లెడ్డు దాటిన క్షణాన్ని కాంతి కిరణంతో పట్టే పరికరాలదే. ఎందుకు పోయిందన్న ప్రశ్న దగ్గరే వీడియో అక్కరకొస్తుంది.

ఇక పోలిక. డార్ట్‌ఫిష్ అనే సాఫ్ట్‌వేర్ స్విట్జర్లాండ్ కంపెనీది. టీవీలో ఇద్దరు స్కీ క్రీడాకారులు ఒకే వాలు మీద ఒకేసారి దిగుతున్నట్టు చూపే చిత్రం గుర్తుందా? సిమల్‌క్యామ్ అనే ఆ విద్య దీనిదే. కెమెరా ఆటగాడి వెంట తిరిగినా వెనుకనున్న దృశ్యాన్ని సరిపోల్చి రెండు పరుగులనూ ఒకదానిపై ఒకటి పరుస్తుంది. వీడియోలో ఎక్కడ ఏమి జరిగిందో గుర్తులు పెట్టుకుని తర్వాత వెతుక్కోవచ్చు. రుసుము మాత్రం కట్టాలి. కినోవియా ఉచితం, విండోస్ కంప్యూటర్ ఉంటే చాలు. ఫ్రేము ఫ్రేముగా కదపడం, కోణాలు గీయడం, రెండు వీడియోలను పక్కపక్కన నడపడం, ఒకదానిపై మరొకటి పరచడం అన్నీ ఇందులో ఉన్నాయి. కాకపోతే పరిచి చూడాలంటే కెమెరా కదలకుండా ఉండి తీరాలి. మూడోది ఒట్టి ఫోను: నెమ్మది చలనంలో తీసి, అక్కడికక్కడే ఆటగాడికి చూపించడం.

స్టార్టు వరకే అయితే నా ఓటు తడుముకోకుండా కినోవియాకు. ఆరంభంలో పోయిన పదో వంతు సెకను కిందికి వచ్చేసరికి మూడింతలవుతుందని శిక్షకులు అంటుంటారు. బాబ్‌స్లెడ్ తోపులో, అంటే ఆటగాళ్లు స్లెడ్డును తోసుకుంటూ పరుగెత్తే ఆరంభంలో, మొదటి 50 మీటర్లకు పట్టేది సుమారు 5 సెకన్లు. నలుగురి బాబ్‌స్లెడ్ అయితే ఆ కాస్త వ్యవధిలో నలుగురూ వరుసగా దూకి కూర్చోవాలి. ఒకడు అర అడుగు ముందే ఎక్కినా, వెనకవాడి కాలు తడబడినా వేగం పోతుంది. ఇక్కడ కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి రోజంతా కదపకుండా ఉంచవచ్చు. కెమెరా కదలనప్పుడు సిమల్‌క్యామ్ గొప్ప ఏముంది? స్లెడ్డు మొదట కదిలిన ఫ్రేము దగ్గర రెండు వీడియోలనూ కలిపితే నిన్నటి తోపు, ఇవాళ్టి తోపు ఒకే బొమ్మలో కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఫోను 240 ఫ్రేములతో తీసి, ఫైలును 30 ఫ్రేముల వేగంతో దాచే సందర్భాలున్నాయి. అసలు ఎంత వేగంతో తీశారో కినోవియాకు మనమే చెప్పాలి. మరిచిపోతే కొలిచిన ప్రతి కాలమూ ఎనిమిది రెట్లు ఎక్కువ వస్తుంది. అప్పుడు 5 సెకన్ల తోపు 40 సెకన్లు చూపుతుంది కనుక వెంటనే దొరికిపోతారు. ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య కాలాన్ని కొలిచేటప్పుడైతే దొరకరు.

మలుపుల దగ్గర కథ మారుతుంది. అక్కడ చూడాల్సింది గీత, అంటే స్లెడ్డు పట్టిన దారి: స్లెడ్డు మలుపులోకి తొందరగా ఎక్కిందా, ఆలస్యంగానా, గోడ మీద ఎంత ఎత్తుకు వెళ్లింది, ఎక్కడ దిగింది. ల్యూజ్ ఆటగాడు పిక్కలతో, భుజాలతో స్లెడ్డును తిప్పుతాడు, స్కెలిటన్ ఆటగాడు మోకాళ్లతో, భుజాలతో. ఆ ఒత్తిడి కంటికి ఆనదు. దాని ఫలితం తర్వాతి మలుపులో బయటపడుతుంది. అందుకే ఒక మలుపు వీడియో చాలదు, వరుసగా మూడు నాలుగు చోట్ల తీసినవి కావాలి. విస్లర్ ట్రాకులో 16 మలుపులు, లేక్ ప్లాసిడ్‌లో 20. పదిమంది ఆటగాళ్లు, ఐదు చోట్ల కెమెరాలు ఉన్న జట్టుకు సాయంత్రానికి వందల ముక్కలు పోగవుతాయి. డార్ట్‌ఫిష్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే. బొమ్మల మాయాజాలానికి కాదు, వెతికిన ముక్క చిటికెలో దొరకడానికి.

పరిచి చూడటం మీద నాకు మలుపుల దగ్గర నమ్మకం తక్కువ. రెండు స్లెడ్డులు ఒకదానిపై ఒకటి తేలుతుంటే చూడ ముచ్చటగా ఉంటుంది గానీ, ఏది ఎవరిదో తేల్చుకునేలోపే బొమ్మ దాటిపోతుంది. పక్కపక్కన పెడితే కళ్లకు పని పెరుగుతుంది, గందరగోళం తగ్గుతుంది. ఇంకొకటి, ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా గోడ మీద ఎత్తును సెంటీమీటర్లలో కొలవబోయేవారు ఆగాలి. చదునైన తలానికి కట్టిన కొలబద్ద పుటాకారపు మంచు గోడకు పనికిరాదు. నిన్నటికంటే పైకా, కిందికా అన్నంతవరకే నమ్మవచ్చు.

ఒట్టి ఫోనును తీసిపారేయలేను. శివ కేశవన్ 1998 నుంచి 2018 వరకు ఆరు శీతాకాల ఒలింపిక్స్‌లో ల్యూజ్ ఆడాడు. మన దేశంలో కృత్రిమ మంచు ట్రాకు లేదు, మనాలి దగ్గరి కొండ రోడ్ల మీద స్లెడ్డుకు చక్రాలు కట్టి సాధన చేసినవాడు. అలాంటి ఒంటరి ఆటగాడికి వందల ముక్కల భాండాగారం దేనికి? తీసే మనిషి కూడా ఉండడు. ఒక ట్రైపాడ్, ఒక ఫోను, రాత్రికి కినోవియా. అతని స్థాయికి అదే మేలు. చలికి ఫోను బ్యాటరీ చప్పున పడిపోతుంది కాబట్టి, ఒక పవర్ బ్యాంకును కోటు లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోవాలి. సాయంత్రం వెలుతురు తగ్గితే ఫోను తనంతట తానే షట్టరు నెమ్మది చేస్తుంది, స్లెడ్డు చారలా అలుక్కుపోతుంది. సెకనులో వెయ్యో వంతు షట్టరులో కూడా 3.6 సెంటీమీటర్ల మసక తప్పదు.

ఏది ఎంచుకున్నా అసలు ఫైళ్లు సొంత డిస్కులో ఉండాలి. శిక్షకులు ఎంతగానో వాడిన కోచెస్ ఐ అనే యాప్‌ను 2022లో మూసేశారు. తేదీ, ట్రాకు, మలుపు సంఖ్య, ఆ రోజు బిగించిన రన్నర్ల (స్లెడ్డు కిందుండే ఉక్కు పట్టీల) జత, మంచు ఉష్ణోగ్రత ఫైలు పేరులోనే రాసుకుంటే, వచ్చే ఏడాది అదే ట్రాకుకు వెళ్లే ముందు తెరవడానికి ఏ సాఫ్ట్‌వేరైనా సరిపోతుంది.