డిస్కౌంట్‌లో ట్రెక్కింగ్ షూస్ కొనేవాళ్ళు జాగ్రత్త, నాకు అగ్నిపర్వతం మీద సోల్ ఊడిపోయింది

క్లియరెన్స్ సేల్‌లో ట్రెక్కింగ్ షూస్ కొందామనుకునేవాళ్ళు దయచేసి ఇది చదివి అప్పుడు కొనండి. షాపు పేరు రాయట్లేదండి, కంప్లైంట్ నడుస్తోంది. రాజమండ్రిలో కొన్నాను, ఎమ్మార్పీ 7,999 ఉన్న జత 3,400కి ఇచ్చారు, "ఈ సీజన్ స్టాకేనమ్మా, సైజులు మిగిలిపోయాయని తగ్గించాం" అన్నారు, నమ్మేశాను.

మాది రాజోలు వైపు. ఎత్తు అంటే ఏటిగట్టే మాకు, కొండలెక్కాలని నాకెప్పుడూ లేదు. మా అమ్మాయి న్యూజిలాండ్‌లో ఆక్లండ్‌లో ఉంటోంది, జనవరిలో అక్కడ ఎండాకాలం కదా, టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ అని అగ్నిపర్వతం మీదుగా కొండ దాటే నడక ఉంది, తీసుకెళ్తానమ్మా, ఒక్క రోజే, నీ పక్కనే నడుస్తాను అని నెలరోజులు బతిమాలింది. సంక్రాంతి వదులుకుని, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం కూడా చూడకుండా బయల్దేరాం. ఒప్పుకున్నాక నేను పట్టుబట్టింది ఒకటే, కాళ్ళకి మంచి షూస్ ఉండాలని.

ఆ నడక దాదాపు 20 కిలోమీటర్లు, 7-8 గంటలు పడుతుంది. మాంగటేపోపో అనే చోట మొదలుపెట్టి కొండ దాటి అవతల కేటెటాహి వైపు దిగాలి, ఎక్కినచోటికి తిరిగి రాం కాబట్టి షటిల్ బస్సు ముందే బుక్ చేసుకోవాలి. దారిలో కొట్టు లేదు, తాగే నీళ్ళు దొరకవు, మన నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి. అది బతికున్న అగ్నిపర్వతం, 2012 ఆగస్టులో టె మారి అనే చోట పేలితే కేటెటాహి దగ్గరున్న గుడిసె మీద కూడా రాళ్ళు పడ్డాయట. అలాంటి చోట కాలికింద ఏముందో అదే మనకి దిక్కండి.

మొదటి గంట చెక్కబాట, బాగానే ఉంది. డెవిల్స్ స్టెయిర్‌కేస్ అని మెట్ల దారి మొదలయ్యాక ఎడమ మడమ దగ్గర టప్ టప్‌మని చప్పుడు, రాయి ఇరుక్కుందేమో అనుకుని ఎక్కేశాను. పైన సౌత్ క్రేటర్ అని చదునుగా ఉన్నచోట కూర్చుని చూస్తే మడమ కింద ఫోమ్ కోతలయ్యాక బీటలు తీసిన చేనులా ఉంది, వేలితో ముట్టుకుంటే పిండిలా రాలిపోయింది. "వెనక్కి వెళ్ళిపోదాం అమ్మా" అంది మా అమ్మాయి. ఇంత ఎక్కాం కదా ఇంకెంత అని నేనే ముందుకి నడిచాను. అక్కడే ఆగి వెనక్కి తిరగాల్సింది, మీరెవరూ ఆ తప్పు చెయ్యకండి, ఎందుకంటే అసలు కష్టం రెడ్ క్రేటర్ దాటాక ఉంది.

రెడ్ క్రేటర్ 1,800 మీటర్లు దాటిన ఎత్తు. గట్టుమీద గాలి మనిషిని తోసేస్తోంది. అక్కణ్ణించి కింద చెరువుల దాకా మొత్తం వదులు కంకర, అడుగేస్తే కాలు జారుతూనే ఉంటుంది. సోల్ అక్కడ పూర్తిగా ఊడిపోయింది, లోపలి పల్చటి గుడ్డలోంచి ఒక్కొక్క రాయీ గుచ్చుకుంటోంది, నేను కూర్చుని ఏడ్చేశాను. దారిన వెళ్తున్న ఇద్దరెవరో ఆగి వాళ్ళ బ్యాగులోంచి గట్టి టేపు తీసి నాలుగు చుట్లు చుట్టిపెట్టారు, వాళ్ళు చల్లగా ఉండాలి.

కింద ఎమరాల్డ్ లేక్స్, ఆకుపచ్చగా మెరుస్తున్నాయి, కొండలోంచి కారిన ఖనిజాల వల్ల ఆ రంగట. మంటలెత్తుతున్న కాళ్ళు ఆ నీళ్ళలో పెట్టాలని ప్రాణం కొట్టుకుంది. కానీ అక్కడి మూలవాసులు మావోరీ వాళ్ళకి ఆ చెరువులు పవిత్రం, నీళ్ళు ముట్టుకోవద్దని ముందే చెప్పారు. మనకి గోదారమ్మ ఎలాగో వాళ్ళకి ఆ కొండ అలాగ, పెట్టలేదు.

దిగేటప్పుడు కుడిది కూడా పోయింది. మా అమ్మాయి భుజం పట్టుకుని, సాక్సుల మీద సాక్సులు వేసుకుని, ఆఖరి షటిల్‌కి 10 నిమిషాల ముందు కిందకి చేరాను. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడి ఊడిపోయాయి.

ఇంటికొచ్చాక అమలాపురంలో చెప్పులు కుట్టే ఆయనకి చూపిస్తే, "ఇది జిగురు ఊడటం కాదమ్మా, లోపల సరుకే చచ్చిపోయింది, చాలా ఏళ్ళ నాటిది" అన్నాడు. అప్పుడు అట్టపెట్టె తీసి చూస్తే తయారైన నెల, సంవత్సరం ఉన్నచోట కొత్త స్టిక్కర్ అంటించి ఉంది, గోటితో గీకితే కింద 2017! ఎనిమిదేళ్ళ నాటి సరుకు నాకు ఈ సీజన్‌దని అమ్మారు.

ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది, మీరూ తెలుసుకోండి. చాలా ట్రెక్కింగ్ షూస్‌కి మడమ కింద మెత్తగా ఉండే పొర పాలీయురేథేన్ ఫోమ్. అది గాలిలో తేమ పీల్చుకుని ఏళ్ళు గడిచేకొద్దీ లోపల్నుంచి విరిగిపోతుంది, హైడ్రాలిసిస్ అంటారు, వేడీ తేమా కలిస్తే ఇంకా తొందరగా. వాడకుండా పెట్టెలో ఉంచితే భద్రం అనుకుంటాం కానీ వాడకపోయినా అది పాడవుతూనే ఉంటుంది, పైకి మాత్రం కొత్తగా మెరుస్తుంది. మన గోదావరి జిల్లాల్లో అటు సముద్రం ఇటు కాలవలు, ఏడాది పొడవునా గాలిలో తేమే, ఇక్కడి గోడౌన్లో ఏళ్ళ తరబడి పడున్న జత ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈవీఏ అనే ఫోమ్‌కి ఈ రోగం లేదు, అందుకే ఏ ఫోమో అడిగి కొనండి. పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం ఉండాలని రూలే ఉంది, స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే ఆ జత ముట్టుకోకండి. మడమ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కండి, షూ మధ్యకి వంచండి, సన్న గీతలు కనబడినా జిగటగా తగిలినా వద్దు. కొన్నాక కూడా ప్రయాణానికి ముందు రెండు మూడు వారాలు గట్టు మీద రోజూ నడవండి. నేను వాకిట్లో సిమెంటు మీద నాలుగు రోజులు తిరిగి ఊరుకున్నాను, గట్టు మీద నడిచుంటే ఇక్కడే బయటపడేది.

షాపుకి తీసుకెళ్తే "రాళ్ళ మీద వాడేశారు కదా, సేల్ ఐటెంకి రిటర్న్ లేదు" అన్నారు. కొండ ఎక్కడానికి అమ్మిన షూస్‌తో రాళ్ళ మీద కాక ఎక్కడ నడుస్తామండి? బిల్లు ఉంది కాబట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టాను, పెట్టె, స్టిక్కర్, ఊడిన సోల్ అన్నీ ఫొటోలు తీసి దాచాను. అదే సేల్‌లో కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మారేడుమిల్లి అయినా అమర్‌నాథ్ అయినా బయల్దేరే ముందు ఆ స్టిక్కర్ ఒక్కసారి గీకి చూసి, కింద ఏ సంవత్సరం ఉందో నాకు చెప్పండి, నా కంప్లైంట్‌కి జత చేస్తాను.