మూడేళ్లు మోసిన చిన్న బాల్ హెడ్

డబ్బా మీద '20 కిలోలు మోస్తుంది' అని రాసి ఉంటే ఆ అంకెను పట్టించుకోకండి. ట్రైపాడ్ మీద కెమెరాను ఎటు కావాలంటే అటు వంచి బిగించే నా బాల్ హెడ్ డబ్బా మీదా అదే ఉంది. నా కెమెరా, లెన్స్ కలిపినా కిలోన్నర లేవు. అయినా మొదటి వారంలోనే ఫ్రేమ్ కిందికి జారింది.

అంతకుముందు ట్రైపాడ్‌తో పాటు వచ్చిన మూడు పిడుల హెడ్ వాడేవాడిని. ఇంట్లో బాగానే ఉండేది. హనుమకొండ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకు బైక్ మీద దాదాపు 70 కిలోమీటర్లు వెళ్లేసరికి ఆ పిడులు సంచీలోంచి వీపుకు గుచ్చుకునేవి. ఒకరోజు మా వీధి కిరాణా కొట్టు కాటా మీద రెండూ తూచాను. పాతది 780 గ్రాములు, కొత్తది, కెమెరా అడుగున బిగించే ప్లేటుతో సహా, 340. కొట్టు సేటు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏముంది సార్ దీంట్లో, ఒట్టి గుండే కదా" అన్నాడు. ఆయన అన్నది నిజమే. ఒక గుండు, దాన్ని పట్టుకునే గిన్నె, బిగించే నాబ్. రెండున్నర వేలు పెట్టింది వీటికే.

ఇక జారుడు సంగతి. 70-300 లెన్స్ పెట్టి, పూర్తిగా జూమ్ చేసి, రామప్ప చెరువు కట్ట మీంచి అవతలి ఒడ్డున ఒక చెట్టును ఫ్రేమ్ మధ్యలో పెట్టాను. నాబ్ బిగించి చెయ్యి తీశాను. చెట్టు ఫ్రేమ్‌లో పైకి పోయింది, అంటే లెన్స్ ముక్కు వాలిందన్నమాట. నిలువుగా పడే బరువును ఏ హెడ్ అయినా మోస్తుంది. ముందుకు పొడుచుకొచ్చిన లెన్స్ మాత్రం గుండును తిప్పాలని చూస్తుంది. డబ్బా మీది కిలోల్లో ఈ లెక్క కనపడదు. ఆ కిలోలు కొలవడానికి అన్ని కంపెనీలకూ కలిపి ఒక పద్ధతీ లేదు. అందుకే గుండు ఎంత పెద్దదో చూడండి. నాది 36 మిల్లీమీటర్లు. ఇంతకంటే చిన్నదైతే ఫోన్‌కూ, కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌కూ సరిపోతుంది, అంతే.

కొన్నరోజే ఇంట్లో పరీక్ష చేయండి. గోడ మీద పెన్సిల్‌తో చుక్క పెట్టి, మీ దగ్గరున్న అతి పొడవైన లెన్స్‌తో దాన్ని మధ్యలోకి తెచ్చి, స్క్రీన్ మీద పదింతలు పెద్దది చేసి బిగించండి. చెయ్యి తీశాక చుక్క ఎంత కదిలిందో చూడండి. కొద్దిగా కదిలితే నాలాగా అలవాటు చేసుకోవచ్చు. ముక్కును ఆ మేర పైకి పెట్టి బిగిస్తాను, జారి సరైన చోట ఆగుతుంది. చాలా కదిలితే ఆ రోజే వాపసు పంపండి.

ఫ్రిక్షన్ నాబ్ విడిగా లేనిది మాత్రం వద్దు. ఇది గుండును పూర్తిగా వదిలేయకుండా కొంచెం పట్టి ఉంచుతుంది. నాకు ఆ నాబ్ ఉంది గానీ, మొదట్లో దాని ఉపయోగం తెలియక వదులుగానే ఉంచాను. ఒకసారి పెద్ద నాబ్ తిప్పగానే లెన్స్ టక్కున కిందికి వాలింది, మధ్యలో నా వేలు నలిగింది. అడుగున చుట్టూ తిరిగే భాగానికి కూడా వేరే లాక్ ఉండాలి. అది లేకపోతే పనోరమాలో ప్రతిసారీ హోరిజాన్ వంకర పోతుంది.

నిలువు ఫ్రేమ్ దగ్గర ఇంకో చిక్కు. ఎంగిలిపూల బతుకమ్మ రోజు వేయి స్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. బయట ఒక అరుగు చూసుకుని నిలబడ్డాను. అర సెకను ఎక్స్‌పోజర్ ఇస్తే పూల బతుకమ్మలు కదలకుండా, చుట్టూ తిరిగే చీరలు రంగుల గీతల్లా వస్తాయని ఆశ. కెమెరాను పక్కకు వంచి గిన్నె అంచున ఉన్న గాడిలో పెట్టాను. పది ఫొటోలయ్యాక చూస్తే అన్నీ కొద్దికొద్దిగా తిరిగిపోయాయి. హెడ్ గట్టిగానే ఉంది, ప్లేటు మర కెమెరా కింద వదులైంది. ప్లేటు మరను చేత్తో తిప్పి వదిలేయకుండా రూపాయి బిళ్లతో బిగించాలని ఆ రాత్రి తెలిసింది. తర్వాత ఎల్ ఆకారం బ్రాకెట్ కొన్నాను. దాంతో కెమెరాను నిలువుగా పెట్టినా బరువు ఎప్పుడూ హెడ్ నడిమధ్యే ఉంటుంది. బరువు ఇంకో 80 గ్రాములు పెరిగింది, పోనీ.

ప్లేటు ఆర్కా రకందే తీసుకోండి. హెడ్ పై గాడిలోకి జారి బిగిసే ఈ 38 మిల్లీమీటర్ల వెడల్పు ప్లేట్లు ఎవరు చేసినవైనా చాలావరకు సరిపోతాయి. లక్నవరం దగ్గర నా ప్లేటు పోతే మిత్రుడి ప్లేటుతో పని నడిచింది. అన్నట్టు, అక్కడి వేలాడే వంతెన మీద ట్రైపాడ్ పెట్టకండి. నలుగురు నడిస్తే వంతెనే ఊగుతుంది, ఎంత ఖరీదైన హెడ్ అయినా దానికేం చేస్తుంది!

ఒక తప్పు నేనే చేశాను. గోదావరి ఇసుక చేరి గుండు కరకరలాడుతుంటే కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. కరకర తగ్గింది, పట్టు కూడా పోయింది. గుండు ఆగేదే రాపిడితో కదా! మెడికల్ షాపులో స్పిరిట్ తెచ్చి, పాత బనియన్ గుడ్డతో రెండు రోజులు తుడిస్తే గానీ దారికి రాలేదు. ఇప్పుడు ప్రతి ట్రిప్ తర్వాత పొడిగుడ్డతో తుడుస్తాను, అంతకు మించి ఏమీ చేయను.

కొనేముందు ట్రైపాడ్ పైనున్న మర కూడా చూసుకోండి. హెడ్ల అడుగున మామూలుగా 3/8 అంగుళాల రంధ్రం ఉంటుంది, చవక ట్రైపాడ్లకు 1/4 మర ఉండొచ్చు. మధ్యలో చిన్న ఇత్తడి బుష్ పెడితే సరిపోతుంది గానీ, అది లేక నా కొత్త హెడ్ నాలుగు రోజులు అలమారాలో కూర్చుంది.

రామప్ప గుడిలో గానీ, వరంగల్ కోటలో గానీ ట్రైపాడ్ వేయాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అది లేని రోజున నేను చెరువు కట్టకే పోతాను. పక్షుల కోసం 600 లెన్స్ మోసేవాళ్లకూ, వీడియో తీసేవాళ్లకూ ఈ హెడ్ పనికిరాదు. నేను తీసేవి గుడులు, చెరువులు, పండగలు. వాటికి ఇంకో రెండేళ్లు దీంతోనే లాగుతాను. తిరిగే భాగం మీది అంకెలు ఇప్పటికే సగం చెరిగిపోయాయి, వాటిని నేను ఒక్కసారీ చూసింది లేదు.