ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ హత్య: 1974 సినిమా మేలా, 2010 టీవీ మేలా?

హంతకులెవరో చెప్పకుండా ఈ రెండింటినీ పోల్చడం కుదరదు. అగాథా క్రిస్టీ రాసిన 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' ఇంకా చదవనివాళ్లు ముందు అది చదివి రండి.

1934 నాటి నవల. మంచులో ఇరుక్కుపోయిన రైల్లో రాచెట్ అనే అమెరికన్ హత్యకు గురవుతాడు. ఒంటి మీద పన్నెండు కత్తిపోట్లు. వాడు ఓ పసిపాపను ఎత్తుకెళ్లి, డబ్బు గుంజి, ఆ పాపనూ చంపి, చట్టానికి చిక్కకుండా తప్పించుకున్నవాడు. అమెరికాలో 1932లో జరిగిన లిండ్‌బర్గ్ బిడ్డ అపహరణే ఈ కథకు ప్రేరణ. ఆ పాప కుటుంబానికి కావలసిన పన్నెండు మంది ఒక్కటై రాచెట్‌కు శిక్ష వేస్తారు. జ్యూరీలో ఉండేదీ పన్నెండు మందే. డిటెక్టివ్ హెర్క్యూల్ పోయిరో ఇదంతా కనిపెట్టేస్తాడు. కనిపెట్టాక వాళ్లను ఏం చేయాలి? నా దృష్టిలో అసలు కథ అక్కడే మొదలవుతుంది, కాబట్టి నా కొలత కూడా అదే.

సిడ్నీ లూమెట్ తీసిన 1974 సినిమాలో ఆల్బర్ట్ ఫిన్నీ పోయిరో. షాన్ కానరీ, లారెన్ బకాల్, వెనెస్సా రెడ్‌గ్రేవ్... ఎవరు కనిపించినా స్టారే. రెండు గంటలకు పైగా నిడివి ఉంది కాబట్టి కాలిన కాగితం ముక్క, 'హెచ్' అక్షరం కుట్టిన చేతిరుమాలు, కిమోనో లాంటి ఆధారాలన్నీ తీరిగ్గా మన ముందుకొస్తాయి. విచారణ సీన్లకైతే తిరుగులేదు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ సీనే చూడండి. దేవుడి సేవలో ఉన్న బెరుకు స్వీడిష్ ఆవిడ పాత్ర. వచ్చీరాని ఇంగ్లిష్‌లో తడబడుతూ జవాబులు చెబుతుంటే కెమెరా కట్ లేకుండా ఆవిడ ముఖాన్నే పట్టుకుని ఉంటుంది. భయం, భక్తి, దాచిపెట్టిన దుఃఖం అన్నీ ఆ ఒక్క షాట్‌లోనే. ఆ పాత్రకు ఆమెకు సహాయ నటిగా ఆస్కార్ వచ్చింది.

బ్రిటిష్ చానెల్ ఐటీవీ పోయిరో సిరీస్‌లో భాగంగా 2010లో వచ్చిన, డేవిడ్ సుషే పోయిరోగా నటించిన ఎపిసోడ్ ఈ విషయంలో వెనకబడుతుంది. గంటన్నరలో పన్నెండు మందినీ పరిచయం చేసి, విచారించి, ముడి విప్పాలంటే పరుగు తప్పదు. కథ తెలియనివాళ్లకు ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడమే కష్టం. ఇస్తాంబుల్ వీధిలో ఓ స్త్రీని రాళ్లతో కొట్టే సీన్ నవలలో లేదు. మూకుమ్మడి శిక్ష ఎలా ఉంటుందో ముందే చూపించాలని పెట్టారు కానీ, ఆ మాటను అంత గట్టిగా చెప్పనక్కర్లేదనిపించింది.

అయినా నా ఓటు టీవీకే. కారణం చివరి అరగంట.

సినిమాలో పోయిరో రెండు పరిష్కారాలు చెబుతాడు: బయటివాడెవరో చంపి పారిపోయాడన్నది మొదటిది, పన్నెండు మందీ కలిసి చంపారన్నది రెండోది. రైలు కంపెనీ పెద్దమనిషి మొదటిదాన్ని, అంటే అబద్ధాన్ని, ఎంచుకుంటాడు. ఆ తర్వాత అందరూ షాంపేన్ గ్లాసులు తాకించుకుంటారు. నవలకు దగ్గరగా ఉన్నది ఇదే, అందులోనూ పోయిరో ప్రశాంతంగా కేసు నుంచి తప్పుకుంటాడు. కానీ ఒక మనిషిని పన్నెండు మంది పొడిచి చంపిన రాత్రి తర్వాత ఆ విందు నాకు మింగుడుపడదు. చనిపోయినవాడు దుర్మార్గుడే, ఒప్పుకుంటాను. అయినా సత్యం దాచిపెట్టడానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి కదా!

టీవీలో ఆ మూల్యం పోయిరోనే చెల్లిస్తాడు. కరెంటు పోయి, చలికి వణికిపోతున్న బోగీలో అందరి మీదా విరుచుకుపడతాడు. చట్టాన్ని ఎవరికి వాళ్లు చేతుల్లోకి తీసుకుంటే ఇక మిగిలేదేమిటన్నది అతని కోపం. వాళ్ల వాదనా తక్కువదేం కాదు: చట్టం మాకు న్యాయం చేయలేదు, మేమేం చేయాలి? ఎటూ తేల్చుకోలేక నలిగిపోతాడు. జపమాల పట్టుకుని ప్రార్థించే క్యాథలిక్కుగా అతన్ని ముందునుంచీ చూపించడం ఇక్కడ అక్కరకొస్తుంది. చివరికి పోలీసులకు అబద్ధమే చెప్పి, కన్నీళ్లతో నడిచి వెళ్లిపోతాడు.

ఇంత బరువు ఒక్క ఎపిసోడ్‌తో రాలేదు. సుషే ఈ పాత్రను 1989లో మొదలుపెట్టాడు. హత్యను ఏ సాకుతోనూ ఒప్పుకోని మనిషిగా ఇరవై ఏళ్ల పాటు ప్రేక్షకులకు అలవాటయ్యాడు. అలాంటివాడు తన నియమాన్ని తానే తప్పుతుంటే మనకు గుండె పిండేసినట్టుంటుంది. ఫిన్నీ ఎంత గొప్ప నటుడైనా ఒక్క సినిమాలో ఆ నమ్మకాన్ని కూడబెట్టలేడు. ఏళ్ల తరబడి ఒకే పాత్రతో కలిసి బతకనివ్వడం టీవీకే సాధ్యం.

కెన్నెత్ బ్రానా 2017 సినిమా కూడా ఉంది. మంచు దృశ్యాలు బాగుంటాయి. కానీ అందులో చేర్చిన ఛేజింగ్, కాల్పుల వల్ల, నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే విచారణ పలచబడిపోయింది.

కథ అసలు తెలియనివాళ్లకైతే 1974 సినిమాయే చెబుతాను, ఆధారాలు అందులోనే స్పష్టంగా అర్థమవుతాయి. టీవీ ఎపిసోడ్‌ను మాత్రం నేరుగా మొదలుపెట్టకండి. అదే సిరీస్‌లో 'ఏబీసీ మర్డర్స్', 'ఫైవ్ లిటిల్ పిగ్స్' అయినా ముందు చూసి, సుషే పోయిరోతో కాస్త పరిచయం పెంచుకుని అప్పుడు ఈ రైలెక్కండి.