ఫ్లెక్సీ షాపులో ఉండాల్సిన చట్టం పుస్తకమే, కానీ సగమే ఉంది

ఖమ్మంలో మాకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుంది. ఏది వేయొచ్చు, ఏది వేస్తే కేసవుతుంది అన్నది డిజైన్ దగ్గరే తేలిపోవాలి. సెంటర్‌లో కట్టాక తేలితే లాభం లేదు. అందుకే కోఠిలో భారతీయ న్యాయ సంహిత, అంటే ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త నేరాల చట్టం, తెలుగు పుస్తకం కొన్నాను. ఇప్పుడది సిస్టమ్ పక్కనే ఉంటోంది.

నాకు బాగా పనికొచ్చింది 196వ సెక్షన్. మతం, జాతి, పుట్టిన చోటు, భాష, కులం లాంటివి పట్టుకుని వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే మూడేళ్ల దాకా జైలు. ప్రార్థనా స్థలంలో చేస్తే ఐదేళ్ల దాకా. నోటిమాటే కాదు, రాత, బొమ్మ, ఫోన్‌లో పంపే మెసేజ్ కూడా ఇందులోకే వస్తాయి. మొన్న పండగ సీజన్లో కొందరు కుర్రాళ్లు ఒక మతం వాళ్ల షాపుల్లో కొనొద్దని, వాళ్లని వీధిలో అడుగుపెట్టనివ్వొద్దని మ్యాటర్ రాసుకొచ్చారు. ఆ పేజీ తీసి ముందు పెట్టాను. వాళ్లలో పెద్దవాడు రెండుసార్లు చదివి, "దేవుడి బొమ్మ, మా పేర్లు చాలక్కా" అన్నాడు. పెట్టిన డబ్బు అక్కడే గిట్టుబాటైంది.

రోడ్డు గుంతల మీద ఎమ్మెల్యేని నిలదీస్తూ వచ్చిన ఫ్లెక్సీ మాత్రం సంతోషంగా వేశాను. నాయకుణ్ని అడగడం ఏ వర్గాన్నీ ద్వేషించడం కాదు.

ఈ తేడా పుస్తకంలో ఎక్కడా కనపడదు, నా అసలు ఫిర్యాదు అదే. సెక్షన్లు తప్ప తీర్పులు లేవు. రాజ్యాంగం 19(1)(ఎ)లో ఇచ్చిన మాట్లాడే స్వేచ్ఛ హక్కు గురించి, 19(2)లో పెట్టిన హద్దుల గురించి ముందుమాటలో కూడా ఒక్క ముక్క లేదు. ఇదొక్కటే చదివినవాళ్లు టెన్షన్‌తో అన్ని ఆర్డర్లూ వెనక్కి పంపేస్తారు. ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద ఒక కవిత్వం విషయంలో పెట్టిన కేసుని 2025 మార్చిలో కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఏం చెప్పిందో రెండు లైన్లు వేసినా సరిపోయేది. కేసు పెట్టిన మాటలు గట్టి మనసు, ధైర్యం ఉన్న మనిషికి ఎలా అనిపిస్తాయో చూడాలి గానీ, ప్రతిదానికీ ఉలిక్కిపడేవాళ్లని బట్టి తేల్చకూడదంది. మాలాంటి వాళ్లకి కొండంత ధైర్యం ఆ మాట.

అక్షరాలు మరీ చిన్నవి. పాత ఐపీసీ సెక్షన్లకి కొత్త నంబర్ల పట్టిక లేదు. 153ఎ ఇప్పుడు 196 అయిందని లాయరు గారిని అడిగి పెన్నుతో రాసుకున్నాను. ఎలక్షన్ పోస్టర్ మీద ప్రింటర్ పేరు, అడ్రసు ఉండాలనే 127ఎ వేరే చట్టంలోది, దానికి ప్రజాప్రాతినిధ్య చట్టం విడిగా కొనాలి.

ప్రింటింగ్ చేసేవాళ్లు కొనొచ్చు. పట్టిక, తీర్పుల సారాంశం కలిపి మళ్లీ వేస్తే నేనే ఇంకోటి కొంటాను.