బుచ్చిలో మోటారు వైండింగు షాపు: వరదలో మునిగిన మా మోటారు నాలుగేళ్ళుగా తిరుగుతోంది

మా మోటారు 2021 నవంబరు వరదలో మునిగింది. ఈ రోజుకీ అదే మోటారు నీళ్ళు తోడుతోంది. బాగుచేసిన వారానికే మెచ్చుకుంటే ఏం లాభం, నాలుగు పంటలు చూశాక రాద్దామని ఆగాను.

మాది నెల్లూరు జిల్లా జొన్నవాడ దగ్గర పల్లె. కార్తీక పౌర్ణమి మరునాడు సోమశిల డ్యాము నుంచి పెన్నలోకి వదిలిన నీళ్ళు 5 లక్షల క్యూసెక్కులు దాటాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయింది ఆ వరదకే. మా కయ్యల్లో, అంటే పొలాల్లో, మూడు రోజులు నీళ్ళు నిలిచాయి. తీశాక వెళ్ళి చూస్తే మోటారు షెడ్డులో మోకాటి లోతు ఒండ్రు. మోటారూ పంపూ ఒకటిగా ఉండే 7.5 హెచ్‌పీ మోనోబ్లాకు, గోడకున్న స్టార్టరు పెట్టె, అన్నీ మట్టి ముద్దలే. నారుమడి ఆనవాలు కూడా లేదు.

ముందు వేరే షాపుకు పోయాం. అక్కడ మోటారు విప్పను కూడా విప్పలేదు. "మునిగిందా? అయితే వైండింగు మొత్తం కట్టాల, స్టార్టరు కొత్తది కొనాల" అని 14 వేలు చెప్పారు. మా ఆయన సరేనన్నాడు గానీ నాకు మనసొప్పలేదు. చూడకుండా చెప్పిన లెక్కకు డబ్బెట్లా కట్టేది?

బుచ్చిలో, అదే బుచ్చిరెడ్డిపాలెంలో, ఈ షాపు సందులో ఉంటుంది. పెద్దాయనా, ఆయన కొడుకూ ఇద్దరే. ఆటోలోంచి మోటారు దించకముందే పెద్దాయన ఒకటే అడిగాడు.

"కరెంటిచ్చి చూసినారామ్మా?"

"లేదన్నా, భయపడి ముట్టుకోలేదు."

"అయితే బతికే ఉంటది. నీళ్ళకు మోటారు చావదు. తడి మీద స్విచ్చి వేస్తే చస్తది."

మా ముందే విప్పాడు. ఫ్యాను మూత తీస్తే లోపల బురదలో వేలెడు చేపపిల్ల చచ్చి ఉంది. మంచినీళ్ళతో ఒండ్రంతా కడిగి, మెగ్గరు పెట్టి చూపించాడు. వైండింగు రాగితీగకూ మోటారు బాడీకీ మధ్య తడి ఎంతుందో అది చెబుతుంది. ఒక మెగోమ్ అయినా చూపించనిదే కరెంటివ్వకూడదట. మాది సున్నా దగ్గరే ఉంది. బయట మళ్ళీ వానలు పట్టుకున్నాయి, ఎండబెట్టే దారి లేదు. రేకు డబ్బాలో 200 వాట్ల బల్బులు రెండు వెలిగించి, వాటి మధ్య వైండింగును నిలబెట్టి పైన గోతం కప్పాడు. రోజూ మెగ్గరు పెట్టి, వచ్చిన అంకె గోడమీద రాసేవాడు. మూడో రోజుకు అర, ఆరో రోజుకు నాలుగు, ఎనిమిదో రోజుకు ఇరవై. అప్పుడు వార్నిష్ పోసి మళ్ళీ బల్బుల కింద పెట్టాడు. గ్రీజులోకి ఒండ్రు పోయిందని బేరింగులు రెండూ మార్చాడు. స్టార్టరు పారేయలేదు. కాయిల్ ఒక్కటి కొత్తది వేసి, కాంటాక్టులు ఎమిరీ కాగితంతో రుద్దాడు. మొత్తం 4,200 అయింది.

నాకు బాగా నచ్చింది పని వరస. ఆ రోజు షాపు ముందు రోడ్డు దాకా మోటార్లు. ప్రతి ఒక్కరినీ "నీళ్ళు ఏ తేదీకి కావాల?" అని అడిగి, మోటారు మీద సుద్దముక్కతో ఊరిపేరూ తేదీ రాశాడు. తాగునీళ్ళ మోటార్లు ముందు, తిరిగి నారు పోసే వాళ్ళవి తర్వాత, కోతకొచ్చిన పైరు పోగొట్టుకున్న వాళ్ళవి చివర. ముందొచ్చామని ఎవరో గొడవపడితే ఆ తేదీలు చూపించాడు. మా మోటారు మీద డిసెంబరు 5 అని రాశాడు, 4 సాయంత్రానికి ఇచ్చాడు.

ఇంకో మేలూ చేశాడు. "షెడ్డు కడగొద్దు, ఇసక ఎత్తొద్దు. స్కేలు గుచ్చి ఫోటో తీసుకోండి" అన్నాడు. పొలంలో ఇసుక మేట 3 అంగుళాలు దాటితేనే మేట తీసేందుకు సర్కారు ఇచ్చే సాయానికి లెక్క. అప్పటి నిబంధనలో అది హెక్టారుకు 12,200 రూపాయలు. ట్రాక్టరు బాడుగలకు చాలని డబ్బే, కానీ మా పక్క కయ్యవాళ్ళు ముందే ఎత్తేసుకుని, లెక్కలకు వచ్చినవాళ్ళకు చూపించడానికి ఏమీ లేక బాధపడ్డారు. మాకు ఫోటోలు పనికొచ్చాయి.

లోపాలూ ఉన్నాయి. మోటారు బాగుచేసి పంపాడు గానీ పైపులైను సంగతి అడగలేదు. బిగించాక మోటారు తిరిగింది, నీళ్ళు రాలేదు. నీళ్ళు పీల్చే పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు ఇసుకతో మూసుకుపోయింది. నారుమడికి ఒకరోజు ఆలస్యం. ఫోను చేస్తే ఎత్తడు, మనిషి పోవాల్సిందే. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తాడు. సాయానికో, ఇన్సూరెన్సుకో కాగితం కావాలంటే ముందే చెప్పి ముద్ర వేయించుకోండి.

మీరు పోయేటట్టయితే మోటారుతో పాటు స్టార్టరు పెట్టె కూడా తీసుకుపోండి. ఫుట్‌వాల్వు మీరే విప్పి చూసుకోండి. బోల్టులు ఎట్లా విప్పాలో అడిగితే చూపిస్తాడు. మా ఆయన అప్పుడు నేర్చుకున్నాడు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వస్తోందనగానే, వాన మొదలవకముందే మోటారు విప్పి ట్రాక్టరులో ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టుకున్నాం.