ఈట్రెక్స్ ఎస్‌ఈ, 32ఎక్స్, జీపీఎస్‌మ్యాప్ 67: మన అడవుల్లో తిరగడానికి ఏది మేలు?

"చేతిలో పట్టుకునే జీపీఎస్ కొనాలనుకుంటున్నా, ఏది తీసుకోమంటారు?" అని ఈ ఏడాది నన్ను అడిగినవాళ్లు పదిమందికి తక్కువ ఉండరు. పక్షులు చూడ్డానికి వెళ్లేవాళ్లు, ట్రెకింగ్ కుర్రాళ్లు, పొలం కొలుచుకుందామనుకునే ఒక రిటైర్డ్ మాస్టారు, ఇలా రకరకాలు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. పైగా నేనూ ఈమధ్యే ఒకటి కొన్నాను. కొనేముందు గార్మిన్ కంపెనీ సెట్ల మధ్య రెండు నెలలు ఊగిసలాడాను కాబట్టి ఆ ఊగిసలాటంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి. అరకు, లంబసింగి లాంటి చోట్ల ఒక పూట తిరిగి వచ్చేవాళ్లు ఏమీ కొనక్కర్లేదు. ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ గానీ ఓస్‌మ్యాండ్ గానీ వేసుకుని, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెడితే చాలు. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటి రిసీవర్లు మంచివే. ఫోన్‌ని తక్కువచేసి మాట్లాడేవాళ్ల మాట నేను నమ్మను. కానీ ఫోన్‌కి ఎండ పడదు, తడి పడదు.

గత మార్చిలో నేనూ మా బావమరిదీ అటవీశాఖ అనుమతి తీసుకుని నల్లమల అంచున ఒక దారిలో నడిచాం. వాడు ఫోన్ మనిషి. నా చేతిలో స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న పాత జీపీఎస్ సెట్టు, అందులో దిక్సూచి లేదు. మధ్యాహ్నం రెండింటికల్లా వాడి ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారిపోయింది. చేతులు అడ్డం పెట్టుకుని చూసినా ఏమీ కనిపించట్లేదు. "ఫోన్‌కి జ్వరమొచ్చింది బావా" అని తడి తుండు చుట్టి సంచిలో పడేశాడు. చల్లబడ్డాక మళ్లీ తెరిచేసరికి రికార్డింగ్ ఎప్పుడో ఆగిపోయింది. మేం నడిచిన దారిలో మూడో వంతు అందులో లేదు.

నా సెట్టు దారి మొత్తం రాసిపెట్టుకుంది. కానీ పొద్దుగూకే వేళకి ఎండిపోయిన ఒక వాగు దగ్గరికి వచ్చాం. అవతలి గట్టు మీద మూడు పశువుల బాటలు, మూడూ ఒకేలా ఉన్నాయి. నిలబడి సెట్టు చూస్తే బాణం ఒకసారి ఎడమకి, ఒకసారి వెనక్కి, ఒకసారి మా మొహం మీదికి! నాలుగడుగులు నడిస్తే కుదురుకుంటుంది, ఆగితే మళ్లీ తిరుగుతుంది. ఇటు ఇరవై అడుగులు, అటు ఇరవై అడుగులు వేసి చూసి, గీత మీదికి వచ్చామని తేల్చుకునేసరికి చీకటి పడింది. టార్చి వేసుకుని రోడ్డెక్కాం. ప్రమాదమేమీ జరగలేదు గానీ ఆ పావుగంట టెన్షన్ మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇందులో సెట్టు తప్పేమీ లేదు. ఉపగ్రహాల సిగ్నల్‌తో మనం ఎక్కడున్నామో తెలుస్తుంది తప్ప ఎటు తిరిగి నిలబడ్డామో తెలియదు. నడుస్తుంటే ఇందాకటి చోటుకీ ఇప్పటి చోటుకీ గీత గీసినట్టు లెక్కేసి దిక్కు చెబుతుంది. నిలబడితే ఆ లెక్కకి ఆధారం ఉండదు. నిలబడ్డప్పుడు కూడా దిక్కు చూపాలంటే లోపల అయస్కాంత దిక్సూచి వేరే ఉండాలి. మనకి దారి చూడాల్సిన అవసరం పడేది నడుస్తున్నప్పుడు కాదు, దారి తెలియక ఆగినప్పుడే కదా!

ఆ రోజు నుంచి నా లెక్క మారింది. అంతకుముందు నేనూ అందరిలాగే రంగుల మ్యాప్, మెమరీ ఎంత అని చూసేవాణ్ణి. ఇప్పుడు చూసేది ఒక్కటే, వచ్చిన దారినే నన్ను వెనక్కి తీసుకురాగలదా లేదా. మన అడవుల్లో ఇంకోరకంగా కూడా ఇదే అసలు ప్రశ్న. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి గీసే ఆన్‌లైన్ పటం) నుంచి తీసిన ఉచిత మ్యాప్ ఎక్కించుకుని నల్లమల తెరిచి చూడండి. రోడ్లు, పెద్ద వాగులు, కొన్ని గుళ్లు ఉంటాయి, మిగతాదంతా చాలాచోట్ల పచ్చటి ఖాళీ. ఆల్ప్స్‌లోనో అమెరికా నేషనల్ పార్కుల్లోనో ఉన్నట్టు ప్రతి కాలిబాటా అందులో గీసి ఉండదు. అలాంటప్పుడు మనం నడిచి గీసిన గీతే మనకి మ్యాప్.

ఈ లెక్కన గార్మిన్ వాళ్ల ఈట్రెక్స్ 22ఎక్స్ నా జాబితాలోంచి మొదటే పోయింది. మంచి సెట్టే, రంగుల మ్యాప్ ఉంది, 8 జీబీ మెమరీ ఉంది, కానీ దిక్సూచి లేదు. దాని అన్న 32ఎక్స్‌లో దిక్సూచీ ఉంది, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటరూ ఉంది. చాలాకాలం నా మనసు దీనిమీదే ఉండింది. రెండు పెన్సిల్ (ఏఏ) సెల్స్‌తో 25 గంటలు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. మ్యాప్‌లో ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ గీతలు కనిపిస్తాయి, వాగు ఎటు దిగుతుందో ముందే అంచనా వేసుకోవచ్చు. 2019లో వచ్చింది కాబట్టి జీపీఎస్, గ్లోనాస్ రెండే పట్టుకుంటుంది. దానికి వాడే మినీ యూఎస్‌బీ కేబుల్ ఇప్పుడు ఇల్లంతా వెతికినా దొరకదు.

2023లో వచ్చిన ఈట్రెక్స్ ఎస్‌ఈ చూడ్డానికి పదేళ్ల కిందటి వస్తువులా ఉంటుంది. నలుపు తెలుపు స్క్రీన్, మ్యాప్ లేదు, బారోమీటర్ లేదు. మొదట చూసి నవ్వుకున్నాను. తర్వాత నా ఒక్క ప్రశ్న దానిముందు పెట్టి చూశాను. దిక్సూచి ఉంది. అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, జపాన్ క్యూజెడ్ఎస్ఎస్ కూడా పట్టుకుంటుంది. వచ్చిన దారిని వెనక్కి చూపిస్తుంది. ఎండ ఎంత గట్టిగా కాస్తే స్క్రీన్ అంత స్పష్టంగా కనిపిస్తుంది. అన్నింటికన్నా ముఖ్యం, రెండు పెన్సిల్ సెల్స్‌తో 168 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. రోజుకి పది గంటలు ఆన్‌లో ఉంచినా రెండు వారాలు దాటుతుంది. ధర చూస్తే, అమెరికాలో విడుదలైనప్పుడు ఎస్‌ఈ 150 డాలర్లు, 32ఎక్స్ 300 డాలర్లు. సగం.

నేను ఎస్‌ఈ కొన్నాను. ఇప్పటికి నాలుగుసార్లు అడవికి తీసుకెళ్లాను, మొదటిరోజు వేసిన సెల్సే ఇంకా ఉన్నాయి.

సెల్స్ గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. మూలపల్లెలో కిరాణా కొట్లో కూడా పెన్సిల్ సెల్ దొరుకుతుంది, అది నిజమే. కానీ గోడగడియారానికి వేసే చవక జింక్ కార్బన్ సెల్ వేసి బ్యాటరీ ఆగట్లేదని తిట్టుకోవద్దు. ఆల్కలైన్ వేయండి, లేదా రీచార్జబుల్ నికెల్ సెల్స్ వేయండి. రీచార్జబుల్ వేస్తే సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం మార్చాలి. దాని వోల్టేజీ 1.2, ఆల్కలైన్‌ది 1.5. మార్చకపోతే నిండుగా ఉన్న సెల్ కూడా అయిపోవస్తున్నట్టు చూపిస్తుంది. ఇంకొకటి, సెల్స్ మార్చిన ప్రతిసారీ దిక్సూచిని సరిచేసుకోవాలి. సెట్టుని అరచేతిలో పెట్టుకుని ఒకసారి బల్లపరుపుగా, ఒకసారి పక్కకి, ఒకసారి ముందుకి దొర్లించినట్టు మెల్లగా తిప్పడమే, నిమిషం పని. కత్తికీ కారుకీ దూరంగా నిలబడి తిప్పాలి. ఈ పని చేయకుండా బాణం తప్పు చూపిస్తోందని అనేవాళ్లని చాలామందిని చూశాను.

ఇక జీపీఎస్‌మ్యాప్ 67. డబ్బు ఇబ్బంది లేకపోతే దీనికి వంక పెట్టడం కష్టం. మూడంగుళాల రంగుల స్క్రీన్, లోపలే ఉన్న లిథియం బ్యాటరీతో 180 గంటలు, పైగా మల్టీబ్యాండ్. ఒక్కో ఉపగ్రహం నుంచి రెండు ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ అందుకుంటుంది కాబట్టి కొండగోడకి తగిలి తిరిగొచ్చిన దొంగ సిగ్నల్‌ని బాగా ఏరిపారేస్తుంది. శేషాచలం లోయల్లో, తలకోన లాంటి చోట నిలువు రాతిగోడల పక్కన నడిస్తే తేడా కంటికే కనిపిస్తుంది. నా ఎస్‌ఈ గీత అక్కడ తాగినవాడి నడకలా ఉంటుంది, 67 గీత మనం నడిచినట్టే ఉంటుంది. ఈ విషయంలో నేను కొన్నది ఓడిపోయిందని ఒప్పుకోవాలి. హిమాలయాలకి ఏటా వెళ్లేవాళ్లూ, ఎక్కువగా లోయల్లో తిరిగేవాళ్లూ 67 కొనుక్కోవచ్చు.

"180 గంటలు వస్తుంటే ఇంకా పెన్సిల్ సెల్ అంటావేంటి?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఒక ప్రయాణం వరకు చూస్తే వాడిదే రైటు. నేను చూసేది పదేళ్లు. ఇలాంటి సెట్టు ఏడాదిలో పది నెలలు బీరువాలో పడి ఉంటుంది. లోపలి లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. నా మొదటి పసుపురంగు సెట్టు కొని ఇరవై ఏళ్లు దాటింది, కొత్త సెల్స్ వేస్తే ఇప్పటికీ ఉపగ్రహాలు పట్టుకుంటుంది. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైనప్పుడు చాలా పాత రిసీవర్లలాగే దానికీ తేదీ చెడింది. కానీ చోటు మాత్రం సరిగ్గానే చెబుతోంది. మా మేనల్లుడు దాన్ని ఆటబొమ్మలా చూస్తాడు, అయినా చెరువు గట్టున వాడికి దారి చూపింది అదే.

ఒక హెచ్చరిక. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో వస్తున్నారంటే చాలామంది 67కి బదులు 67ఐ తెమ్మంటున్నారు. పేరులో ఒక్క అక్షరమే తేడా కానీ అందులో ఇన్‌రీచ్ ఉంటుంది, అంటే ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపగలదు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి పరికరాలు మన దేశంలోకి తేవడం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఇలాంటి వాటితో దొరికిన విదేశీ ప్రయాణికుల సంగతి పేపర్లలో వచ్చింది. మామూలు జీపీఎస్ సిగ్నల్ అందుకోవడమే తప్ప ఉపగ్రహానికి ఏమీ పంపదు. అయినా విమానాశ్రయంలో దాన్ని చూసి ప్రశ్నలు వేయవచ్చు. వంద డాలర్లు ఆదా చేయబోయి బావగారిని పోలీస్ స్టేషన్‌కి పంపొద్దు. ఇక్కడే బిల్లుతో కొనండి.

మిగతావి రెండు ముక్కల్లో. జీపీఎస్‌మ్యాప్ 65ఎస్‌లో మల్టీబ్యాండూ ఉంది, పెన్సిల్ సెల్సూ ఉన్నాయి, నాకు నచ్చాల్సిందే. కానీ 16 గంటలే వస్తుంది. ఈట్రెక్స్ సోలార్‌లో సెల్స్ వేసే వీలు లేదు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. వాచీలు పరుగెత్తేవాళ్లకి బాగుంటాయి.

పొలం కొలవడానికి అడిగిన మాస్టారికి ఇచ్చిన జవాబు కూడా రాస్తాను, ఇది అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వద్దు. ఇవన్నీ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపించేవే. ఎకరం చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో గట్టు 63.6 మీటర్లు. ఒక్క గట్టు మూడు మీటర్లు జరిగిందంటే 190 చదరపు మీటర్లు పోయినట్టు. అంటే దాదాపు ఐదు సెంట్లు, తెలంగాణ లెక్కలో రెండు గుంటలకి కాస్త తక్కువ. అన్నదమ్ముల మధ్య గొడవకి అది చాలదూ! ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, జీపీఎస్ లోపాన్ని సరిదిద్దే కోర్స్ స్టేషన్లు, వాటి సాయంతో సెంటీమీటర్లలో కొలిచే రోవర్లు వాడింది అందుకే. బోరుబావి ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికైతే ఏ సెట్టయినా పనికొస్తుంది.

ఏది కొన్నా మొదటిరోజు ఇంట్లోనే చేయాల్సిన పని ఒకటుంది. అక్షాంశ రేఖాంశాలు చూపించే పద్ధతిని గూగుల్ మ్యాప్స్‌లో ఉన్నట్టు దశాంశ డిగ్రీలకి మార్చుకోండి. ఈ సెట్లు మామూలుగా డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తాయి. 16.50 అంటే 16 డిగ్రీల 30 నిమిషాలు. హడావుడిలో దాన్ని 16 డిగ్రీల 50 నిమిషాలని కొడితే తేడా 20 నిమిషాలు, నేల మీద 37 కిలోమీటర్లు. మా బావమరిది కిందటి నెల తనూ ఒక ఎస్‌ఈ కొని, మొదటిరోజే మా ఇంటి అంకెలు ఇలాగే కొట్టాడు. సెట్టు వాడిని పక్క మండలానికి రమ్మంది.